పాయలు తీసి చూడండి

శివరాత్రి జాతర ముగిసి బీరంగూడ గుట్ట మీద ఎండ చురుక్కుమనడం మొదలైతే, మా కాలనీలో పిల్లులున్న ప్రతి ఇంట్లో ఒకటే మాట: బొచ్చు రాలుతోంది. రాలాలి కూడా. పగటి పొద్దు పెరిగే కొద్దీ పిల్లి చలికాలపు మెత్తటి లోబొచ్చును వదిలేస్తుంది. దీనికి వేడి కన్నా వెలుతురే పెద్ద కారణం. అందుకే రాత్రి పొద్దుపోయేదాకా లైట్ల కింద తిరిగే ఫ్లాటు పిల్లులకు ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా రాలుతూనే ఉంటుంది.

నా భయమంతా ‘సీజన్ కదా’ అని వదిలేయడం గురించే. కాలానికి రాలే బొచ్చు ఒళ్లంతా సమంగా పలచబడుతుంది, ఎక్కడా చర్మం బయటపడదు. బిళ్లలుగా ఊడి, కింద ఎరుపో పొక్కులో పొలుసులో కనిపిస్తే అది జబ్బు.

ఆదివారం పొద్దున పేల దువ్వెన పట్టుకుని మా పిల్లిని మెడ నుంచి తోక దాకా పాయలు తీసి చూడటం నాకు అలవాటు. తోక మొదట్లో ఎక్కువసేపు ఆగుతాను. నల్లటి నలుసులు వస్తే తడిపిన తెల్ల కాగితం మీద రుద్దుతాను. ఎర్రగా కరిగితే అది మట్టి కాదు, ఫ్లీ పురుగులు తాగి విసర్జించిన నెత్తురు. వాటి కాటు ఒంటికి పడని పిల్లికి ఒకటి రెండు కుట్టినా చాలు, నడుమంతా పొక్కులు లేస్తాయి. చాలా పిల్లులు చాటుకు వెళ్లి నాక్కుంటాయి, మన కంటపడవు. ఊడినచోట వేలితో ఎదురు నిమిరితే తెలిసిపోతుంది: తెగిన కొసలు గరుకుగా తగులుతాయి. ఫ్లీలు పిల్లి మీద ఉండేవి కొన్నే. గుడ్లు, పిల్ల పురుగులు పరుపుల్లో, సోఫా సందుల్లో ఉంటాయి. ఇల్లు దులపకుండా పిల్లికి ఒక్కదానికే మందు వేస్తే మళ్లీ పట్టుకుంటాయి.

‘బోరు నీళ్లకే రాలుతున్నది అక్కా’ అంటుంది పక్కింటావిడ. ఆ అనుమానం ఊరికే రాలేదు. మా పక్కనే ఉన్న పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అయినా పిల్లికి బొచ్చు ఊడితే ముందు వెతకాల్సింది పురుగు, గజ్జి, తామర.

తామర సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. ముఖం మీద, చెవుల దగ్గర, కాళ్ల మీద గుండ్రంగా ఊడి బూడిదరంగు పొలుసు కట్టిందంటే మైక్రోస్పోరం కానిస్ అనే బూజు కావచ్చు. అది పిల్లల చేతులకీ అంటుకుంటుంది. డాక్టరు వుడ్స్ ల్యాంపు అనే అతినీలలోహిత దీపం వేసినప్పుడు కొన్నిసార్లు ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన లేదని కాదు, బూజును పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయించాలి. ఈలోగా కొందరు మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిపిన క్రీము తెచ్చి రాస్తారు. దురద అణుగుతుంది, బూజు పాకుతుంది.

ఇంకా ప్రమాదం కుక్కలకు వేసే ఫ్లీ మందులతో. వాటిలో కొన్నిటిలో ఉండే పర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం కూడా పోవచ్చు. కిరోసిన్, ఫినాయిల్, నొప్పుల బామ్ కూడా అంతే చెరుపు, ఎందుకంటే ఒంటికి రాసిందల్లా పిల్లి నాలుకతో లోపలికి వెళ్లేదే.

పాపకు తామర వచ్చిందని పిల్లిని సంచిలో కట్టి అమీన్‌పూర్ చెరువు వైపు వదిలేసే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బూజు రేణువులు ఇంట్లో నెలల తరబడి బతికే ఉంటాయి, పిల్లి పోయినా జబ్బు పోదు. పాపనూ పిల్లినీ ఒకేసారి చూపించండి. దగ్గర్లో పశువుల డాక్టరు లేకపోతే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాళ్లు చూసేదాకా ఒంటికి ఏదీ రాయకండి.