తాడిపత్రి బండ, బేల్దారి చెయ్యి

అనంతపురంలో వంటిల్లు బాగు చేయించాలంటే ఇప్పుడు అందరి నోటా మాడ్యులర్ కిచెనే. మేమూ పెట్టించాం. రెండేళ్లకు సింకు కింద నీళ్లు కారి పార్టికల్ బోర్డు ఉబ్బిపోయింది (కరువు ఊళ్లో వంటిల్లు నీళ్లకు పాడవడం మా ఘనత). మిగిలింది చెదల పాలు. బిగించినాయన ఫోను ఎత్తలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మవాళ్ల వంటింటి తాడిపత్రి బండ. మన జిల్లా సున్నపురాయే. చెద పట్టదు, తడికి ఉబ్బదు. పులుపొక్కటే పడదు దానికి. చింతపండు రసం ఒలికితే మచ్చ తేలుతుంది. అందుకే పొయ్యి గట్టుకు గ్రానైటు, లోపలి అరలకు ఈ బండ.

ఈసారి వచ్చిన బేల్దారి ఒక్కో బండనూ వేలి కణుపుతో కొట్టి విన్నాడు. ఖంగుమంటే సరే. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టే, పక్కన పెట్టేశాడు. గోడలో గాడి కొట్టి, బండ అంచు దూర్చి, రసమట్టం పెట్టాడు. బుడగ నడుమకొచ్చేదాకా కింద రాతిముక్కలు దోపుతూనే ఉన్నాడు. అరల ఎత్తుకు టేపు తీయలేదు. "అక్కా, నీ బియ్యం డబ్బా తీసుకురా" అన్నాడు మా ఆవిడతో. ఏ డిజైనరూ మమ్మల్ని ఆ మాట అడగలేదు!

తలుపులకు పీవీసీ చాలు. ప్లైవుడ్డే కావాలంటే ఐఎస్ 710 ముద్ర చూడండి, అది మెరైన్ ప్లై.

పనివాణ్ణి కొత్త పని ఫోటోలు అడగకండి. ఐదేళ్ల కిందట చేసిన వంటింటికి వెళ్లి, సింకు కింద తలుపు తెరిచి చూడండి.