పసుపు గీత, ఆకలి శ్రుతి

చిట్టెలుక వెంట్రుక ఒక్కటి, ఒకే ఒక్కటి, వెలుతురుకు పట్టి చూడండి. అడవివన్నె ఎలుకదే సుమా, తెల్లదాంతో లాభం లేదు. కొస నలుపు, మొదలు నలుపు. నడుమ, కొసకు కాస్త దిగువన, సన్నని పసుపు గీత! వేల వెంట్రుకలు కలిస్తే కంటికి ఆనేది వట్టి మట్టిరంగు; విడదీసి చూసినవాడికే ఆ బంగారం. వెంట్రుక పెరిగే వేళ అగౌటి అనే ప్రోటీన్ కొన్నాళ్లు మేల్కొని, నల్లరంగును పిలిచే గ్రాహకానికి అడ్డు నిలిచి, మళ్లీ తప్పుకుంటుంది. ఎంత పొదుపు, ఎంత ఒడుపు!

ఆ పొదుపు తప్పినది పసుపు ఎలుక. జన్యువు అదుపు తెగి ఒళ్లంతా అగౌటి ఊరితే, గీత కాస్తా వరదై ఒంటినిండా పసుపే. ఇలాంటి రెండింటిని జతకట్టించినా అచ్చమైన పసుపు వంశం నిలవదని ఫ్రాన్సులో ల్యూసియాన్ కెనో 1905లోనే చూపాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువే అందిన పిల్ల కడుపులోనే పోతుంది. బతికినవి తింటాయి, బొద్దెక్కుతాయి, ఇంకా తింటాయి. రంగుకూ ఆకలికీ ఏమిటీ చుట్టరికం? చర్మంలో ఉన్న గ్రాహకానికి తోబుట్టువు మెదడులో ఉంది. తృప్తి కబురు తెచ్చే ఆల్ఫా ఎంఎస్‌హెచ్ వాలవలసిన పీట అది. పిలవని పేరంటానికి వచ్చిన అగౌటి ఆ పీట మీద కూర్చుంది!

మరి మెదడుకు సొంత అగౌటి లేదా? ఉంది. 1997లో దొరికింది. పేరు ఎజిఆర్‌పి, నెలవు ఎలుక 8వ క్రోమోజోము, నిడివి 131 అమైనో ఆమ్లాలు. పది సిస్టీన్లు జతజతలుగా చేతులు పట్టుకుని వేసిన ముడి చూడండి. ఆ ముడిలోంచి బయటికి వచ్చిన ఉచ్చు మీద ఒక అర్జినైన్, పక్కపక్కనే రెండు ఫినైల్ అలనైన్లు. గ్రాహకాన్ని పట్టి ఆపేది ముఖ్యంగా ఆ మూడే. ఇంత అల్లికా ఆ మూడింటిని సరైన భంగిమలో నిలపడానికేనేమో అనిపిస్తుంది నాకు.

ఈ జన్యువు పలికేది హైపోథాలమస్ అడుగున, ఆర్క్యుయేట్ కేంద్రకంలో, కొన్నివేల కణాల్లో. పస్తున్న కొద్దీ పలుకు హెచ్చుతుంది. లెప్టిన్ అనే హార్మోన్ వచ్చి తగ్గిస్తుంది. జన్యువు ఒక్కదాన్నే తీసేస్తే ఎలుక మామూలుగానే తిన్నదని 2002లో తేలినప్పుడు పెదవి విరిచినవాళ్లుంటారు. తొందర పడకూడదు. అవే కణాల్లో ఆకలి పెంచే మరో రెండు సంకేతాలున్నాయి: ఎన్‌పివై ఉంది, గాబా ఉంది. 2005లో పెద్ద ఎలుకల్లో ఆ కణాలనే చంపారు. ఎదుట తిండి ఉంది, ఎలుక ముట్టదు! అప్పుడే పుట్టిన కూనల్లో చంపితే మాత్రం అవి ఎలాగో సర్దుకుని తిని పెరిగాయి. 2011లో అవే కణాలను కాంతితో మీటారు. కడుపు నిండిన ఎలుక నిమిషాల్లో తిండి మీద పడింది.

ఇక అసలు రసం 2015 నాటిది. పస్తున్న ఎలుక మెదడులో ఆ కణాలు తంబుర శ్రుతిలా ఎడతెగక మోగుతుంటాయి. తిండి పెట్టారు. ఎలుక చూసింది, వాసన పట్టింది, ఇంకా నోరు పెట్టలేదు. అప్పుడే, ఆ క్షణాల్లోనే, శ్రుతి దిగిపోయింది! గింజ గొంతు దిగలేదు, రక్తంలో చక్కెర కదలలేదు, అయినా మోత తగ్గింది. ఎంత రుచైన తిండైతే అంత లోతుకు దిగింది. తినకముందే తీసేశారా, మళ్లీ మోత మొదలు. ఆకలి తీరాక ఆగే కణాలనుకున్నాం. ఇవి రాబోయే ముద్దను ముందే లెక్కగట్టేవి. అయితే తిండి చూడగానే ఇవి ఊరుకుంటే, ఎలుకను చివరిదాకా తినిపించేది ఏది? కాసేపు మీటిన ఆ మోత ఆగాక కూడా దాని ప్రభావం నిలిచి ఉంటుందని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ఎజిఆర్‌పి స్వయంగా ఎంత మందగమని అంటే, ఒక్కసారి మెదడులోకి ఎక్కిస్తే ఎలుక తిండి రోజుల తరబడి హెచ్చుగానే ఉంటుంది.