40 శాతమా, 40 మందా?

"తమిళనాడులో 40 శాతం మంది తెలుగువాళ్లే" అనే మాట మన వాట్సాప్ గుంపుల్లో ఏళ్లుగా తిరగతా ఉండాది. చదివినవాళ్లు సంబరపడి ఇంకో పదిమందికి పంపుతారు. నేను చదివింది బీకాం, చేసింది బ్యాంకు ఉద్యోగం. ఒక అంకె కనబడితే దానికి వోచరు యాడుందని వెతకడం ఆ ఉద్యోగం పెట్టిన అలవాటు. ఈ అంకెను కూడా అట్లే చూద్దాం.

2011 జనగణన ప్రకారం తమిళనాడు జనాభా సుమారు 7.21 కోట్లు. అందులో 40 శాతమంటే 2.88 కోట్లు. అదే జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షల 34 వేలు, అంటే 5.87 శాతం. తేడా 2.46 కోట్లు. బ్యాంకులో వెయ్యి రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా ఎవరమూ ఇంటికి పోయేవాళ్లం కాదు. గుంపుల్లో ఇంత తేడా ఎవరికీ పట్టదు.

అడిగితే వచ్చే మొదటి జవాబు, "ప్రభుత్వం దాచిపెట్టింది" అని. సరే, 2001 లెక్క కూడా చూద్దాం. అప్పుడు 35 లక్షల 27 వేలు. పదేండ్లలో పెరిగింది 20 శాతం. రాష్ట్ర జనాభా పెరిగింది 15.6 శాతమే. పెరిగినంత మాత్రాన దాపరికం లేదని తేలిపోదు, నిజమే. కానీ అంకె తగ్గితే "చూసినావా కుట్ర" అనీ, పెరిగితే "అది కంటితుడుపు" అనీ అనేవాళ్లతో వాదం ఎట్ల తెగుతుంది? ఏం జరిగినా తప్పు కాని మాటకు ఏ అంకే సాక్ష్యం కాదు.

రెండో జవాబు, "మా తాతలు తెలుగువాళ్లు గదా" అని. అసలు చిక్కు ఈడ ఉండాది. "తెలుగువాడు" అనే ఒక్క మాటతో మూడు సంగతులు చెప్తా ఉండాము: పూర్వీకులు తెలుగువాళ్లు, మాతృభాష తెలుగు, ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది తెలుగు. జనగణన అడిగేది చిన్నప్పుడు తల్లి మాట్లాడిన భాష ఏదని. తాత భాషకు ఆ కాగితంలో గడి లేదు. పేరు చివర నాయుడు, రెడ్డియార్, నాయకర్ అని ఉన్నవాళ్లందరినీ కూడుకుందామన్నా, 1931 తర్వాత జనగణనలో కులాలవారీ పూర్తి లెక్కలు బయటికి రాలేదు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్న కింద రాసుకుంటే, సేవింగ్స్ ఖాతా సొమ్మును లోను ఖాతాలో చూపించినట్టే.

ఎదుటి పక్కవాళ్ల వాదనా సరిగా లేదు. "ఉండేది ఆరు శాతం లోపే, వాళ్లకు ప్రత్యేకంగా బడులెందుకు?" అంటారు. 5.87 అనేది రాష్ట్రమంతటి సగటు. సగటు చూసి హోసూరు సంగతి చెప్పలేము. బ్రాంచిలో సగటు నిల్వ ఇంతని చెప్తే, మీ పాసుపుస్తకంలో ఎంతుందో తెలుస్తుందా?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మనవాళ్ల ఇంకో మాట. 40 శాతం అని పంపిన గుంపులోనే, ఎవరన్నా "ఆయప్ప ఈడనే ఉండాడు", "దుడ్డు యాడ పెట్న్యావు" అని రాస్తే, "అది తెలుగు కాదు, కలగాపులగం" అని నవ్వుతారు. ఈ రెండూ ఒకేసారి నిజం ఎట్ల అయితాయి? ఇంట్లో తమిళం మాట్లాడే కోట్లమంది తెలుగువాళ్లే అట. తెలుగే మాట్లాడే హోసూరు ముసలామె మాత్రం తెలుగుది కాదట. ఈ ఎగతాళికి భయపడే మన పిల్లలు బయట నోరు విప్పరు. రేపు జనగణనకు వచ్చినవాళ్లు మాతృభాష ఏదని అడిగితే, "మాది సరైన తెలుగు కాదులే సార్" అని ఇంకో భాష రాయించేవాళ్లూ ఉంటారు. అప్పుడు లెక్క తగ్గించింది ప్రభుత్వమా, మనమా?

ఈ లెక్కలు ఊరికే పొద్దుపోని ముచ్చట కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్తుంది. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం ఒకటి ఉండాది: బడి మొత్తానికి 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే, ప్రాథమిక బడిలో ఆ భాషలో చెప్పే అయ్యవారిని పెట్టాలి. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయినాక, తెలుగు తరగతి నిలవాలంటే పిల్లల సంఖ్యే మనకున్న గట్టి ఆధారం. ఆ సూత్రంలో 40 శాతం అనే మాట లేదు. ఉన్నది 40 మంది. ఆ 40 మందిని హాజరుపట్టీలో లెక్కపెట్టుకోవచ్చు, పేర్లు చదవచ్చు, అధికారి ముందర పెట్టి అడగవచ్చు.

కాబట్టి ఈసారి అట్లాంటి సందేశం వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఇది దేనిలో శాతం? ఎవరు, ఎప్పుడు, ఏమని అడిగి లెక్కపెట్టినారు? ఇది తప్పయితే దేన్ని చూసి తెలుసుకుంటాము? జవాబు లేకుంటే పంపకండి. ఆ పొద్దుకు మీ ఊరి బడికి పోయి, ఈ ఏడు తెలుగు తరగతిలో ఎంతమంది చేరినారో కనుక్కోండి.