మూడు మాటల పనితనం

సల్మాన్ రష్దీ నవలలు చదివినవాళ్లలో కూడా చాలామందికి ఆయన ఒకప్పుడు క్రీమ్ కేకులు అమ్మిపెట్టిన సంగతి తెలియదు. 1970లలో లండన్‌లో, ఓగిల్వీ అండ్ మేథర్ వంటి ప్రకటనల సంస్థల్లో ఆయన కాపీరైటర్. వారంలో కొన్ని రోజులు ఆఫీసు, మిగతా రోజులు ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’. ఆ లావుపాటి నవల 1981లో వచ్చి బుకర్ గెలుచుకుంది. క్రీమ్ కేకులకు మాత్రం మూడే మాటలు: ‘నాటీ బట్ నైస్’.

ఇవి ఆయన పుట్టించినవేం కావు. ఇదే పేరుతో 1939లోనే ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. వాడుకలో నలిగిన మాటను తెచ్చి కేకు పక్కన నిలబెట్టడంలోనే ఉంది నేర్పంతా.

మొదటి మాట చూడండి. గోడ మీద గీతలు గీసిన పిల్లాణ్ణి అనే మాట అది. మన ఇళ్లలోనూ ‘మావాడు చాలా నాటీ అండీ’ అని తల్లులు చెప్పే ఫిర్యాదులో సగం మురిపెమే. కేకు అందుకోబోయే నలభై ఏళ్ల మనిషికి కొవ్వు, నడుం కొలత, డాక్టరుగారి మొహం అన్నీ గుర్తొస్తాయి. ఆ బరువంతా ఈ ఒక్క మాటతో పిల్లచేష్టగా తేలిపోయింది. తప్పే లేదని బుకాయించలేదు, చిన్నది చేసి ఒప్పేసుకుంది.

ఇక వరస. పెళ్లి సంబంధం ఆరా తీసినప్పుడు ‘కుర్రాడు మంచోడే గానీ కాస్త తాగుతాడు’ అన్నారంటే ఆ సంబంధం అక్కడితో సరి. ‘కాస్త తాగుతాడు గానీ మంచోడు’ అంటే పెళ్లిచూపుల దాకా వెళ్లొచ్చు. ఇక్కడా తీర్పు ‘నైస్’దే.

చెవికీ లోటు చేయలేదు. నా, నై: మన ఛందస్సు లెక్కలోనూ యతి కుదిరినట్టే! ‘నాటీ’ దీర్ఘాలతో సాగి, ‘బట్’ దగ్గర టక్కున ఆగి, ‘నైస్’ దగ్గర మెత్తగా జారిపోతుంది.

ఏరో చాక్లెట్‌కు ‘ఇర్రెసిస్టిబబుల్’ అని రాసిందీ ఆయనే. ఆ చాక్లెట్ లోపలంతా గాలి బుడగలు, అందుకని మాట చివర ‘బబుల్’ అతికించాడు. చమత్కారమే, కాదనను. కానీ అక్కడ రాసినవాడు ఎదురుగా నిలబడి చప్పట్లు అడుగుతున్నట్టుంటుంది. ‘నాటీ బట్ నైస్’ అలా కాదు, తినేవాడే తనలో తాను గొణుక్కున్నట్టుంటుంది. నా ఓటు దీనికే.

పైగా ఆ మూడు మాటల్లో క్రీమూ లేదు, కేకూ లేదు. అందుకే అర్ధరాత్రి ఐస్‌క్రీమ్‌కూ, ఆఫీసు ఎగ్గొట్టి చూసిన మ్యాట్నీకీ అంతే చక్కగా అతుకుతుంది. డబ్బిచ్చి రాయించుకున్నవాళ్లకు మాత్రం ఇది కాస్త నష్టమే. ‘ఇర్రెసిస్టిబబుల్’ను బుడగల్లేని చాక్లెట్ ఏదీ ఎత్తుకుపోలేదు కదా!