800 మీటర్లంటే ఎందుకంత భయం?

ఈ వారం మేడ్చల్‌లో ఒక ప్రైవేటు స్కూలు ఆటల పోటీలు పెట్టింది. అబ్బాయిలకు 800 మీటర్ల పరుగు ఉంది. అమ్మాయిలకు లేదు. అడిగితే పీఈటీ సార్ "కళ్లు తిరిగి పడిపోతారండీ" అన్నారు. ఈ కాలమిస్టుకు ఒళ్లు మండాలంటే ఆ ఒక్క మాట చాలని పాత పాఠకులకు తెలిసిందే.

పక్కనే, శామీర్‌పేట మండలం హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి సీటు కావాలంటే ఆడపిల్లలైనా షటిల్ రన్, మెడిసిన్ బాల్‌తో పాటు 800 మీటర్లూ పరిగెత్తాల్సిందే. ఆ 800 విలువెంతో చూడండి: టీ అమ్మే తండ్రి కూతురు అగసర నందిని 2023 హాంగ్‌జౌ ఏషియాడ్‌లో 5712 పాయింట్లతో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. తోటి పోటీదారు స్వప్నా బర్మన్‌ 5708 దగ్గర ఆగిపోయింది. ఏడింటిలో ఆఖరి అంశం 800 మీటర్లే. అందులో నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా కాదు!

అసలీ భయం పుట్టింది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అథ్లెటిక్స్ పెట్టడం అదే మొదలు. జపాన్ నుంచి వచ్చిన హితోమి కినుఎ ఒసాకా మైనిచి పత్రిక ఉద్యోగి. అంతకు రెండేళ్ల ముందు ఒంటరిగా స్వీడన్ వెళ్లి మహిళల ప్రపంచ క్రీడల్లో పేరు తెచ్చుకున్న మనిషి. 100 మీటర్ల సెమీస్‌లోనే ఓడిపోయింది. ఉత్త చేతులతో ఇంటికెలా వెళ్లడం? పెద్దగా అలవాటు లేని 800కు దిగింది. ఆగస్టు 2న ఫైనల్. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2:16.8లో మొదట వచ్చింది, హితోమి 2:17.6లో రెండోది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి జపాన్ మహిళ ఆమే. పరుగుకు దిగిన తొమ్మిది మందీ గీత దాటారు. పేపర్లు మాత్రం ఆడవాళ్లు కుప్పకూలారని రాశాయి. దాంతో 1960 రోమ్ దాకా ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో ఆ పరుగే లేకుండా పోయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ హితోమి కథ అక్కడితో ఆగదు. 1930లో విరాళాలు పోగుచేసి అవే ప్రపంచ క్రీడలకు జట్టును ప్రాగ్ తీసుకెళ్లింది. అక్కడి నుంచి యూరప్‌లో ఊరు మారితే పోటీ. తిరిగొచ్చాక ఉద్యోగం, ఉపన్యాసాలు, చందాలిచ్చినవాళ్లకు కృతజ్ఞతలు. 1931 ఆగస్టు 2న, పతకం గెలిచిన తేదీనే, న్యుమోనియాతో పోయింది. వయసు 24.

ఆమెను చంపింది 800 కాదు. అయితే ఏ అండా లేకుండా పిల్లను పరుగుకు తోసేసి చప్పట్లు కొట్టడం కూడా గొప్పేం కాదు. హకీంపేట పిల్లలకు హాస్టల్ తిండి ఉంది, కోచ్ ఉన్నాడు, రోజూ సాధన ఉంది. ఏడాదికొక్కసారి, మార్చ్‌పాస్ట్ అయ్యాక నడినెత్తి ఎండలో, టిఫిన్ చెయ్యని పిల్లల చేత పరిగెత్తించే స్కూళ్ల సంగతి వేరు. ప్రతి స్కూల్లో అమ్మాయిలకు 800 పెట్టాలన్న తన పాత డిమాండును ఈ కాలమ్ ప్రస్తుతానికి పక్కన పెడుతోంది. అలాంటి చోట అబ్బాయిల 800 కూడా కొట్టేయమని కొత్త డిమాండు.