మంచు ముసుగులో ‘సెక్రటరీ’

మా జూపాడు బంగ్లాలో ధనుర్మాసపు మంచంటే పోతిరెడ్డిపాడు వైపు పొలాల మీద పొగలాటిదే. గుట్టలుగా పడే మంచు సినిమాల్లోనే చూశాం. ఆ చలికి దుప్పటి ముసుగేసుకుని యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ మళ్ళీ చదివాను. "ఇంకా పగటికలలేనా?" అన్నారు మావారు.

కలలే మరి! రాజశేఖరం లాంటివాడు నందికొట్కూరు బస్సులో కనబడతాడా? (కార్లలో తిరిగేవాడాయె!) కానీ 1960లలో ఓ మధ్యతరగతి పిల్ల ఉద్యోగానికి వెళ్ళి, డబ్బున్న యజమాని ఎదుట తలెత్తుకు మాట్లాడిందే, నాకు ఆ కారుకన్నా ఆ మాటే నచ్చింది. 1976లో వచ్చిన సినిమాలో అక్కినేని, వాణిశ్రీలను చూస్తూ ఆ సంగతే మరిచిపోయాను.

రచయిత్రి మీద నా ఫిర్యాదు ఒక్కటే. జయంతి చేత అంత చక్కగా ఉద్యోగం చేయించి, ఇద్దరూ ఒకటైన చోట కథ ఆపేశారు. తర్వాత ఆఫీసుకి వెళ్ళిందో లేదో చెప్పరే! ఆవిడ 2018లో అమెరికాలో కన్నుమూశారు, ఇక అడగడానికీ లేదు. మావారితో అంటే, "నువ్వే రాయరాదూ" అని కాఫీ అడిగారు.