ఒరిగిన బోటుకే ఫొటోలు

స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియం పక్కన లాక్ లిన్నీ అనే సముద్రపు పాయ ఉంది. దాని ఒడ్డున కోర్‌పాక్ అనే ఊరి దగ్గర ఓ చెక్క చేపలబోటు గులకరాళ్ల మీద పక్కకు ఒరిగి ఉంటుంది. వెనకాల 1,345 మీటర్ల బెన్ నెవిస్, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన కొండ. ఫొటో తీసేవాళ్లకు ఇంకేం కావాలి!

ఈ బోటు 1975లో బకీ అనే రేవు పట్నంలో తయారైంది. గోల్డెన్ హార్వెస్ట్, డేస్ప్రింగ్ అని రెండు పేర్లు మోసింది. హెర్రింగ్ చేపలకీ, మన కానాగంతలకు చుట్టాలైన మాకెరెల్‌కీ వేటకు తిరిగింది. 2011లో గాలివానకు కట్టు తెగి ఇక్కడికి కొట్టుకొచ్చింది. వేటలో ఉన్నన్నాళ్లూ దాన్ని చూడ్డానికి పనిగట్టుకుని ఎవరొచ్చారు?

దీని ఈడు బోట్లలో చాలా వాటికి ఈపాటి చావు కూడా దక్కలేదు. సముద్రంలో చేప తరిగిందని 1990లలో బ్రిటన్ ప్రభుత్వం లైసెన్సు వదులుకున్న యజమానులకు డబ్బిచ్చింది. బదులుగా బోటును పనికిరాకుండా చేయాలి. అలా నిక్షేపంలాంటి చెక్కబోట్లెన్నో యంత్రాల కింద నలిగిపోయాయి.

శిథిలాల మీద మోజు ఒక్కోసారి శిథిలానికే ముప్పు. కాలిఫోర్నియాలో టొమాలెస్ బే ఒడ్డున పాయింట్ రేయెస్ అనే పాత బోటుంది. 2016లో దాని వెనకభాగం తగలబడింది. ఉక్కుపీచు అంటించి గిరగిరా తిప్పుతూ రాత్రిపూట నిప్పురవ్వల ఫొటోలు తీసేవాళ్ల పనేనని అనుమానించారు. ఎండిన చెక్క దగ్గర నిప్పుతో ఆటేమిటో! ఈ మోజు మన దగ్గరా ఉంది: విశాఖలో 2020లో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ ముందు సెల్ఫీల తిరనాళ్లే జరిగింది.

కోర్‌పాక్ ఫొటోల్లో ఎక్కువ పాళ్లు ఒకే కోణం: ముందు బోటు, వెనక కొండ. అసలు చూడాల్సింది పలకలు ఊడినచోట. స్కాట్లాండ్ వడ్రంగులు మామూలుగా ఓక్ కర్రతో పక్కటెముకల్లా చట్రం నిలబెట్టి, దానికి లార్చ్ పలకలు అంచుకి అంచు కలిపి బిగించేవారు. సందుల్లో నార కూరి నీరు చొరకుండా మూసేవారు. బోటు తిరిగినన్నాళ్లూ ఈ పనితనం రంగు కిందే ఉండిపోతుంది. చట్రం, పలక, మేకు బయటపడేది బోటు పాడయ్యాకే. కొండను వదిలి నాలుగడుగులు దగ్గరికి జరిగితే అదంతా కెమెరాకు దొరుకుతుంది.